తూర్పు వైపు గిలక

1938వ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు. మార్కాపురం తాలూకా రాళ్లవాగుపేటలో, ఊరి దిగుడు బావి పైమెట్టు వద్ద హాజరైనవారు: ఓవర్సీరు జీవానందం, పంచాయతీ ప్రెసిడెంటు కాశిరెడ్డి, ఆంజనేయస్వామి గుడి పూజారి తల్లి సుబ్బరత్నమ్మ, వడ్డె మేస్త్రి మాల్యాద్రి, క్రైస్తవుల పాలెం తరఫున మిషను బడి ఆయా కరుణమ్మ, ఆమె మరిది ఏబేలు. ఓవర్సీరు ఈ ఆరు పేర్లనూ తన నోటుబుక్కులో ఇదే వరసలో రాసుకొన్నాడు. చివరి ఇద్దరూ పైమెట్టు వద్ద కాక, దానికి ఇరవై అడుగుల అవతల, పలకరాతి ముక్కల కుప్ప పక్కన నిలబడి ఉన్నారు. ఆ దూరం నోటుబుక్కులోకి ఎక్కలేదు.

బావి ఎవరి తాతలు కట్టించారో ఊళ్లో ఎవరికీ తెలియదు. మెట్లు అరిగి గిన్నెల్లాగా పల్లమైనాయి. పడమటి గోడ నీళ్ల మీదికి వంగింది. ఆడవాళ్లు మోకాటి లోతు దిగి బిందెలు ముంచుకొంటారు. మగవాళ్లు అక్కడే కాళ్లు కడుక్కొంటారు. ప్రతి వేసవిలోనూ ఇంటికొకరు మడమ మీద నారి కురుపుతో మంచం పట్టి, కురుపులోంచి బయటికి వచ్చిన పురుగును పుల్లకు చుట్టి, అది తెగిపోకుండా రోజుకు అంగుళం చొప్పున లాగుకొంటూ కూర్చుంటారు.

జీవానందం గొంతుకూర్చొని, పలకరాతి ముక్కతో బండ మీద గీత గీశాడు. "ఈ మెట్లన్నీ మూసేస్తాం. ఇకమీద నీళ్లల్లో ఎవరి కాలూ పడదు. చుట్టూ రాతి ఒర గోడలాగా లేపి, నాలుగు వైపులా రాతి స్తంభాలు నిలిపి, నాలుగు గిలకలు వేస్తాం. పైనుంచి చేదుకోవడమే."

"మెట్లు దిగి మునగకపోతే మడి ఎట్లా అవుతుంది నాయనా?" అని సుబ్బరత్నమ్మ అడిగింది.

"ఇంట్లో మునగండమ్మా. కురుపున్న కాలు నీళ్లల్లో పెడితే పురుగు పిల్లలు ఆ నీళ్లలో కలుస్తాయి. అవే నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుంది."

"నా కాలికి ఎప్పుడూ లేవలేదు."

"మీరు వడగట్టుకొని తాగుతారు గనుక."

అది నిజమే. ఆమె మడి కోసం వడగట్టేది. ఓవర్సీరు తనను మెచ్చుకొన్నాడో తప్పుపట్టాడో ఆమెకు అర్థం కాలేదు. 

పని మూడు వారాలకు తక్కువ కాదు. అన్ని రోజులు ఊరికి నీళ్లెక్కడివన్న మాట వచ్చినప్పుడు, కాశిరెడ్డి మొదటిసారి పలకరాళ్ల కుప్ప వైపు తిరిగినాడు.

"ఏమే కరుణమ్మా, మీ మిషను బావిలో నీళ్లెంతలో ఉండాయి?"

"ఏడు బారలకు అందుతాయయ్యా."

"ఊరు మూడు వారాలు తోడుకుంటే?"

"మాకు అడుగంటుతాది."

"అడుగంటితే మేము యాడ తాగాల?" అన్నాడు ఏబేలు. అతని గొంతు అవసరమైన దానికంటే ఒక మెట్టు పైనే ఉంది.

జీవానందం పలకముక్కతో తన గీతకు కుడివైపు ఒక చుక్క పెట్టినాడు. "పాలెం నుంచి దారి తూర్పున వస్తుంది. నాలుగో గిలక ఇక్కడే. మీ బావి ఎండే నాటికి ఇది తయారవుతుంది."

కాశిరెడ్డి ఆ చుక్కను చూసి, కండువా భుజం మార్చుకొన్నాడు. "ప్లానులో నాలుగుంటే నాలుగు పెట్టిస్తాం. దానికేముంది."

పంచాయతీ తీర్మానం అక్కడే రాశారు: నాలుగు గిలకలు అమర్చవలెను. కరుణమ్మకు చదువు వచ్చు. దూరం నుంచే అడిగింది: "తూర్పుది మాకని రాసినారా అయ్యా?"

"అన్నీ రాస్తారా? నా మాట చాలదా?" అన్నాడు కాశిరెడ్డి. సంతకాలయ్యాయి.

* * *

మిషను బావికి ఉన్నది ఒకే గిలక. నడుమనుంచి అంచుకు ఆరు ఆకులున్న పోత ఇనుప చక్రం, బొటనవేలంత ఇరుసు. ఒక ఆకు కొద్దిగా వంగి ఉండడం చేత, చుట్టుకొకసారి చిన్నగా టక్కుమంటుంది. పదకొండేళ్లుగా కరుణమ్మ తెల్లవారుతూనే దానికి నూనె పెడుతోంది. పాత గుడ్డపేలిక ఆముదంలో ముంచి, ఇరుసు రెండు చివరలా పిండి, చక్రాన్ని బొటనవేలితో తిప్పి చెవి పెట్టి వింటుంది. టక్కు తప్ప మరే చప్పుడూ లేకుంటే ఆ రోజుకు పని అయినట్లు. బడి ఊడ్వడం ఆ తరువాతనే.

ఏప్రిల్ ఆరునుంచి ఆ పని ఇంకా పెందలాడే కావలసి వచ్చింది. పొద్దు పొడిచేసరికి పాలెం ఆడవాళ్లు తమ చేంతాళ్లు, బొక్కెనలు తీసుకొని బావిగట్టు దిగిపోవాలి. ఊరి ఆడవాళ్లు తోడుకొని వెళ్లేదాకా బడి గోడ వారన నిలబడాలి. ఇది ఎవరూ ఆజ్ఞాపించలేదు. మొదటి రోజు సుబ్బరత్నమ్మ తడిబట్టతో వచ్చి, బావికి పది గజాల దూరంలో ఆగి, ఏమీ అనకుండా నిలబడింది. ఆమె అట్లా నిలబడి ఉండగా పాలెంవాళ్లు ఒక్కొక్కరే గట్టు దిగినారు. మరునాటినుంచి అది వాడుక అయింది.

సుబ్బరత్నమ్మ ఇత్తడి చెంబులోని పసుపు నీళ్లు గిలక మీద మూడుసార్లు చల్లుతుంది. స్తంభాల మీద ఒకసారి. గిలకను కుడిచేత్తో ఒక చుట్టు తిప్పి, కళ్లకద్దుకొని, తన చేంతాడు వేస్తుంది. మొదటి బిందె స్వామి అభిషేకానికి. ఆమె తరువాత కోమట్లు, రెడ్లు. ఆఖరున గొర్రెలవాళ్ల రంగమ్మ, పుల్లకు చుట్టిన నారి పురుగును మడమకు గుడ్డతో కట్టుకొని, కుంటుకుంటూ.

ఇరవై ఐదో తేదీ సోమవారం, చేంతాడుకు తొమ్మిదో బార పైన మరో మూర ముడివేయవలసి వచ్చింది.

"ఏం కరుణక్కా," అంది రంగమ్మ బిందె ఎత్తుకొంటూ, "మీ బావికి మీరే చుట్టాలైనారే."

"చుట్టాలకైతే పీట వేస్తారు గదమ్మా. మమ్మల్ని నిలబెట్టినారు."

గోడవార ఆడవాళ్లు నవ్వినారు. రంగమ్మ కూడా నవ్వింది. సుబ్బరత్నమ్మ నవ్వలేదు గాని, వెళ్లబోతూ ఆగి, గిలక వైపు చూస్తూనే అడిగింది.

"ఏమే, దీనికి ఏం పూస్తావు? చేయి వేస్తే చాలు, తిరిగిపోతుంది."

"ఆముదమమ్మా. మా చెట్టు కాయలవే, నేనే కాస్తాను."

"ఆముదమైతే సరే. దానికి మైల లేదు."

ఊరివాళ్లు వెళ్లినాక కరుణమ్మ బొక్కెన వేసింది. అది నీళ్లకు తగిలిన చప్పుడు రాలేదు, బురదకు తగిలిన చప్పుడు వచ్చింది. చేదితే సగం బొక్కెన ఎర్రమన్ను. ఇంటికి కడవెడు చొప్పున పంచి, పైటచెంగు మడతపెట్టి వడగట్టి, మన్ను పేరుకొనేదాకా నీడన ఉంచుకొన్నారు. పాలెంలో ముప్పై ఒక్క గడప. చివరి నాలుగు గడపలకు ఆ రోజు సాయంత్రం దాకా నీళ్లు అందలేదు.

"ఊరి బావి పని ఇంగెన్ని దినాలు వదినా?" అన్నాడు ఏబేలు. అతడు పలకల గనిలో రాయి చీల్చేవాడు. ఒంటినిండా బూడిదరంగు పొడి.

"శుక్రవారం తెరుస్తారంట."

"మనకు తెరుస్తారా అని అడుగుతాండ."

కరుణమ్మ వడగట్టిన గుడ్డను పిండి, ఆ పిండిన నీళ్లను కూడా కడవలోకే పోసింది.

* * *

బుధవారం మధ్యాహ్నం దొనకొండ స్టేషను నుంచి బండి వచ్చింది. గిలకలు నాలుగూ గడ్డి చుట్టి చెక్కపెట్టెలో ఉన్నాయి. మాల్యాద్రి పెట్టె మూత ఊడదీసి, ఒక్కొక్కటీ చాపమీద పరిచినాడు. చక్రాలనిండా, ఇరుసులనిండా పసుపుపచ్చని జిడ్డు దట్టంగా పూసి ఉంది. నాలుగోదాన్ని ఎత్తబోతే చేతిలో రెండు ముక్కలుగా వచ్చింది.

"పోత ఇనుము," అన్నాడు మాల్యాద్రి, రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి చూస్తూ. "దారిలో యాడనో ఎత్తేసినారు. దీన్ని మన కమ్మరి అతకలేడు."

జీవానందం మూడింటి ఇరుసులూ కొలిచినాడు. పగిలినదాన్ని కూడా కొలిచినాడు. నోటుబుక్కు తెరిచి పట్టుకొన్నాడు. ఒర పూర్తయింది. చప్టా ఆరింది. మెట్ల నోట కొత్త గోడ లేచింది. నాలుగు వైపులా జంట స్తంభాలు నిలబడి ఉన్నాయి. బావిలో కొత్త ఊటనీళ్లు నాలుగు నిలువుల ఎత్తు.

"మద్రాసుకు రాస్తాను," అన్నాడు. "రెండు నెలలు పట్టవచ్చు."

"మంచిది. అందాక మూడు చాలు," అన్నాడు కాశిరెడ్డి. "ఉత్తరానిది గుడివీధికి, పడమటిది మా వైపుకు, దక్షిణానిది తక్కినవాళ్లకు. శుక్రవారం తెరుద్దాం."

"ప్లానులో నాలుగున్నాయండి. నాలుగు లేకుండా పని పూర్తయిందని నేను రాయలేను."

"పూర్తయిందని ఎవరు రాయమన్నారు? నాలుగోది వచ్చినాక రాయండి. ఊరు నీళ్లు తాగొద్దా?"

ఓవర్సీరు నోటుబుక్కు మూసినాడు. మరచెంబు మూత తీసి, తన నీళ్లు తాను తాగినాడు. ఆ ఊళ్లో అతడు మరెవరి నీళ్లూ అడిగి ఎరుగడు.

కాశిరెడ్డి చప్టా చుట్టూ ఒకసారి తిరిగి, తూర్పు స్తంభాల వద్ద ఆగినాడు. "మేస్త్రీ, ఈ పక్క ఖాళీగా ఉంటే గొడ్లు వస్తాయి. రేపు రెండు మోపుల కంప తెప్పించి అడ్డం కొట్టించు."

మాల్యాద్రి తల ఊపినాడు. కంపతో దారి మూసినాక నాలుగో గిలక ఎవరికైనా గుర్తుంటుందా అని అడగవలసిన మాట అతని నోటిదాకా వచ్చినట్లుంది. వక్కాకు నమిలి పక్కకు ఉమ్మేసినాడు.

ఆ మాటలన్నీ పొద్దుగూకేలోపు పాలేనికి చేరినాయి. గురువారం ఉదయం, ఊరి ఆడవాళ్లు ఆఖరుసారి తోడుకొని వెళ్లినాక, కరుణమ్మ బొక్కెన వేసి తీసింది. బురద కూడా సరిగా రాలేదు. అడుగున రాయి గీరుకొంది. ఆమె బొక్కెనను గట్టుమీద బోర్లించి, స్తంభాల మీదికి ఎక్కి, తాటాకు ఈనెతో గిలక ఇరుసు పొడవు కొలిచి, సరిగ్గా అక్కడికి ఈనె తుంచింది. తరువాత ఊరి బావి దారి పట్టింది.

మాల్యాద్రి ఒక్కడే ఉన్నాడు. కంప మోపులు ఇంకా బండి మీదనే ఉన్నాయి. కరుణమ్మ అలవాటు చొప్పున ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

"మేస్త్రన్నా, ఈ ఈనె ఆ తూరుపు స్తంభాల సందులో పెట్టి చూడు."

అతడు చూసినాడు. స్తంభాలలో ఇరుసు కోసం తొలిచిన రెండు గుంటల మధ్య ఈనె అటూ ఇటూ కదలకుండా కూర్చొంది.

"వేలెడు కూడా తేడా లేదే. ఏందక్కా ఇది, నా పనికి ఎసరు పెడతాండావా?"

"రేపు పొద్దున దాకా ఆ కంప కొట్టబాక."

"రెడ్డి అడిగితే?"

"ముల్లు గుచ్చుకుందని చెప్పు."

మాల్యాద్రి తన అరచెయ్యి తిప్పి చూసుకొన్నాడు. "నిజంగానే గుచ్చుకుంది," అన్నాడు.

* * *

శుక్రవారం తెల్లవారుతూ ఏబేలు స్తంభమెక్కి ఇరుసు వదులు చేస్తున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

"ఇరవై మూడు దినాలు మన నీళ్లిచ్చినాం. ఇప్పుడు గిలక కూడానా? రేపు మన బావికి వానొచ్చి నీళ్లొస్తే దేంతో చేదుతావు?"

"వానొచ్చినప్పుడు చూద్దాం. నీళ్లు లేని బావి మీద గిలక కాకి కూచోనీకేరా."

"వాళ్లు తీసుకోకపోతే?"

కరుణమ్మ రెండు చేతులూ పైకి చాపింది. గిలకను దించుకొని, గంపలో గడ్డి పరిచి పెట్టుకొంది. నూనె సీసా, పేలిక పక్కన పెట్టింది. గంప నెత్తిన పెట్టుకొన్నప్పుడు, దాని బరువు తాను అనుకొన్నదానికంటే తక్కువగా తోచింది.

ఊరి బావి వద్ద కొబ్బరికాయ కొట్టడానికి జనం పోగయ్యారు. మూడు వైపులా మూడు కొత్త గిలకలు. తూర్పున ఖాళీ స్తంభాలు. వాటి కింద విప్పని కంప మోపులు. కరుణమ్మ దూరాన ఆగి, గంప దించి, గిలక పైకెత్తి చూపింది.

"ఓవర్సీరయ్యా, మీ కొలతకు సరిపోతాది. మేస్త్రన్న నిన్న చూసినాడు."

జీవానందం చప్టా దిగి ఆమె దగ్గరికే వెళ్లి, గిలకను చేతిలోకి తీసుకొని, కొలబద్ద ఆనించినాడు. "సరిపోతుంది," అన్నాడు. అతని గొంతులో బుధవారం నాటి అలసట లేదు.

"పాలెం గిలక ఊరి బావి మీదికా?" అన్నాడు కాశిరెడ్డి. అరిచినట్లు కాదు, లెక్కలో తప్పు చూపినట్లు. "ఒక్కటే నీళ్లు. ఆ ఇరుసు మీంచి కారిన చుక్క ఇందులోనే పడుతుంది. కొత్తది వచ్చేదాకా ఆగలేరా?"

 కొందరు మగవాళ్లు తలలూపారు. ఏబేలు ఒక అడుగు ముందుకు వేయబోతే కరుణమ్మ అతని చొక్కా అంచు పట్టుకొంది.

అప్పటికి సుబ్బరత్నమ్మ ఉత్తరం వైపు గిలక వద్ద ఉంది. పసుపు నీళ్లు చల్లి, కుడిచేత్తో ఒక చుట్టు తిప్పింది. కళ్లకద్దుకోబోయి, చేతిని ముక్కు దగ్గర ఆపింది.

"మేస్త్రీ, ఏమిటీ జిడ్డు?"

"తుప్పు పట్టకుండా పూస్తారమ్మా, మద్రాసులో."

"ఏం పూస్తారు?"

"కొవ్వు."

"ఏం కొవ్వు?"

మాల్యాద్రి ఓవర్సీరు వైపు చూసినాడు. ఓవర్సీరు నోటుబుక్కు వైపు చూసుకొన్నాడు. "గొడ్డుదో, ఇంకేందిదో. నేను రాయి కొట్టేవాణ్ణి తల్లీ, నన్నడిగితే ఏం చెప్పేది? బూడిదేసి తోమిస్తాలే," అన్నాడు మేస్త్రి.

"పైన తోముతావు. ఇరుసు లోపలిది ఎవరు తోముతారు?"

ఆమె చేతిని ఒంటికి తగలకుండా దూరంగా చాపి పట్టుకొని, చప్టా దిగి, తూర్పు వైపు నడిచింది. దారిలో ఉన్నవాళ్లు తప్పుకొన్నారు. ఓవర్సీరు చేతిలోని పాత గిలకను ఆమె ముట్టుకోకుండానే వంగి చూసింది. వంగిన ఆకును గుర్తుపట్టింది.

"ఇదే గదూ. టక్కుమంటుంది."

"అదేనమ్మా," అంది కరుణమ్మ.

"రెడ్డీ, దీన్ని ఉత్తరం వైపు పెట్టించు."

కాశిరెడ్డి ఆ పాత గిలక వైపు వేలు చూపినాడు. "అమ్మగారూ, అది పాలెందండీ."

"ఇరవై మూడు రోజులు స్వామికి ఈ గిలక నీళ్లే అభిషేకం చేశాను. రోజూ నా చేత్తో శుద్ధి చేశాను. దీనికి మైల ఉందంటే స్వామికి మైల నీళ్లు పోశానని నువ్వు ఈ పదిమందిలో చెప్పాలి. చెబుతావా?"

అతడు కండువా భుజం మార్చుకొన్నాడు. తిరిగి మొదటి భుజానికే వేసుకొన్నాడు.

"మరి ఆ కొత్తది?"

"నాకు అక్కర్లేదు. దాన్ని ఎటైనా పెట్టుకోండి."

ఎటైనా అంటే ఖాళీగా ఉన్నది ఒకే వైపు. ఆ సంగతి కాశిరెడ్డికి తట్టేలోపే మాల్యాద్రి ఉత్తరపు స్తంభమెక్కి ఇరుసు వదులు చేయడం మొదలుపెట్టినాడు. కంప మోపులను ఎవరో కాలితో పక్కకు నెట్టినారు. అది రంగమ్మ, కురుపు లేని కాలితో.

కరుణమ్మ మాత్రం పాత గిలకను ఇంకా వదలలేదు. ఓవర్సీరు చేతిలోంచి మళ్లీ తన గంపలోకి తీసుకొని, పైన పేలిక కప్పింది.

"అయ్యా, ఇది బడి సామాను. మిషను దొరసానమ్మ వచ్చి గిలకేదంటే నేనేం చూపాల? ఒక చీటీ రాసియ్యండి."

జీవానందం అందుకే కాచుకొన్నట్లు పెన్సిలు జేబులో పెట్టి, కలం తీసినాడు. చప్టా అంచున కూర్చొని రాసి, అందరికీ వినబడేట్లు చదివినాడు: "మిషను బడికి చెందిన ఆరు ఆకుల గిలక ఒకటి పంచాయతీ వారు ఉత్తరం వైపు వాడుకకై తీసుకొని, దానికి బదులుగా తూర్పు వైపు అమర్చిన కొత్త గిలకను పాలెం వారి వాడుకకు శాశ్వతముగా ఇచ్చినారు. దీనితో ప్లాను ప్రకారం నాలుగు గిలకలు పూర్తి అయినవి."

"శాశ్వతముగా ఎందుకు?" అన్నాడు కాశిరెడ్డి.

"మీరు తీసుకొనేది శాశ్వతంగానే గదండీ. ఇచ్చేది వేరుగా రాస్తే బదులు కాదు."

కాశిరెడ్డి కాగితం పట్టుకొని నిలబడినాడు. ఏప్రిల్ నాలుగున రాయవలసిన మాట ఆ రోజు రాయకుండా తప్పించినాడు. అదే మాట ఇప్పుడు గిలక బేరంలో భాగమై అతని చేతిలో ఉంది.

"తొందరగా కానీ రెడ్డీ," అంది సుబ్బరత్నమ్మ, ఖాళీ బిందె చంకన పెట్టుకొని. "అభిషేకానికి పొద్దుపోతోంది."

అతడు సంతకం చేసినాడు. ఓవర్సీరు చేసినాడు. సాక్షిగా మాల్యాద్రి వేలిముద్ర వేసినాడు. కరుణమ్మ కాగితం అందుకొని, పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా ఒకసారి, తూర్పు అన్న మాట ఉన్న వరసను రెండోసారి చదువుకొంది. అప్పుడు గంప మీది పేలిక తీసింది.

గిలకలు రెండూ చీటీలో రాసిన వైపుల్లో కూర్చొన్నాయి. తూర్పు చప్టా మీదికి కరుణమ్మ మొదటిసారి అడుగుపెట్టింది. కొత్త గిలక జిడ్డును బూడిదతో తోమి, పేలికతో తుడిచి, ఇరుసుకు రెండు చివరలా ఆముదం పిండింది. బొటనవేలితో తిప్పి చెవి పెట్టి వింది. ఏ చప్పుడూ లేదు. కుడిచేతి వైపు, ఉత్తరపు స్తంభాల నడుమ, చుట్టుకొకసారి టక్కుమంటూ ఆమె పాత గిలక తిరుగుతోంది. చెంబులో మిగిలిన పసుపు నీళ్లతో చేయి కడుక్కొన్న సుబ్బరత్నమ్మ తొలి బిందె చేదుకొని గట్టున పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్నాళ్లకొకసారి పోయాలే దీనికి?"

"రోజూ పొయ్యాలమ్మా. రెండు చివరలా."

"ఆముదం నువ్వే తేవాలి మరి. మా ఇంట్లో కాచరు."

"తెస్తాలెమ్మా."

నాలుగు బారలకే నీళ్లు అందినాయి. పాలెం ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు చేదుకొన్నారు. మొదట, సోమవారం నీళ్లు అందని చివరి నాలుగు గడపలవాళ్లు.

మధ్యాహ్నం కరుణమ్మ బడి తలుపు తీసింది. పిల్లల పలకలు గోడవార దొంతరగా ఉన్నాయి. మూల పగిలి ఎవరికీ ఇవ్వని పలకలు రెండు ఏరి, చెంగుతో తుడిచింది. సిరా ఆరిందో లేదో వేలితో చూసి, కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, రెండు పలకల నడుమ పెట్టి, తెగిన చేంతాడు పోగుతో కట్టి, హాజరు పుస్తకం కింద అరలో పెట్టి తాళం వేసింది.